బ్రేకాయిల్‌కూ వయసుంటుంది

మన హాస్టల్‌లో చదివి వెళ్ళిన అన్నలలో చాలామంది ఈ మధ్య కార్లు కొనుక్కున్నారు. సంతోషం. అయితే ఎక్కువమంది కొన్నది సెకండ్ హ్యాండ్ బండే. మారుతి 800, పాత ఆల్టో, వ్యాగనార్, శాంత్రో, ఇండికా వంటివి. చివరి మారుతి 800 ఫ్యాక్టరీ నుంచి వచ్చింది 2014 జనవరిలో. అంటే ఆ బండి ఎంత కొత్తదైనా ఇప్పటికి పదేళ్ళు దాటింది. కొన్నవెంటనే మనవాళ్ళు టైర్లు చూస్తారు, బ్యాటరీ మారుస్తారు, సీటు కవర్లు వేయిస్తారు, ఇంజనాయిల్ పోయిస్తారు. బ్రేకాయిల్ ఎప్పుడు మార్చారని పాత ఓనరును అడిగినవాళ్ళను నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. అడిగినా ఆయనకు తెలిసి ఉండదనుకోండి!

ఇప్పుడు హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్ళలో కొందరు రేపు ఐటిఐలో మోటారు మెకానిక్ ట్రేడో, పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ బ్రాంచో తీసుకుంటారు. కారున్న అన్నలకూ, కారు బాగుచేయబోయే తమ్ముళ్ళకూ కూడా ఉపయోగపడుతుందని ఈ పాఠం రాస్తున్నాను. దీనికి తొమ్మిది, పది తరగతుల భౌతికశాస్త్రం చాలు.

పేరుకే ఆయిల్

షెడ్డులో అందరూ బ్రేకాయిల్ అంటారు గానీ, అది నూనె కాదు. గ్లైకాల్ ఈథర్లు అనే రసాయనాలతో చేసిన ద్రవం. నీళ్ళలో కలిసిపోతుంది. నూనె కలవదు కదా, తేడా అక్కడే తెలుస్తుంది. 1920లలో కార్లకు హైడ్రాలిక్ బ్రేకులు వచ్చిన కొత్తలో ఆముదంలో ఆల్కహాలు కలిపి వాడేవారు. మన అమ్మమ్మలు తలకు రాసిన ఆముదమే. ఆ రోజులు పోయినా ఆయిల్ అనే పేరు మాత్రం మిగిలిపోయింది. ఆ పేరు వల్లే కొందరు ఇంజనాయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో ఉంటే అదే పోస్తారు. దాని సంగతి తరువాత చెబుతాను.

బ్రేకు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఒక ప్రయోగం చేయండి. సూదులు తీసేసిన రెండు కొత్త సిరంజిలు తీసుకోండి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. రెండింటినీ సన్నని ప్లాస్టిక్ గొట్టంతో కలిపి, గాలి లేకుండా నీళ్ళు నింపండి. చిన్నదాన్ని నొక్కితే పెద్దది వెంటనే కదులుతుంది. పెద్దదాన్ని ఆపాలని స్నేహితుడు బొటనవేలితో ఎంత అదిమినా ఆగదు. ఒకచోట కలిగించిన పీడనం ద్రవమంతటా సమానంగా పాకుతుందని పాస్కల్ చెప్పింది ఇదే. ఇప్పుడు గొట్టంలోకి చిన్న గాలి బుడగను పోనిచ్చి మళ్ళీ నొక్కండి. మీ చేయి సగం దాకా వెళుతుంది, అవతలి పిస్టన్ బద్ధకంగా కదులుతుంది. మీ బలమంతా బుడగను నొక్కడానికే సరిపోయింది. ద్రవం నలగదు, వాయువు నలుగుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే మిగతా పాఠమంతా దాని వెనకే వస్తుంది.

కారులో చిన్న సిరంజి స్థానంలో మాస్టర్ సిలిండర్ ఉంటుంది. పెద్ద సిరంజి స్థానంలో ముందు చక్రాలకు క్యాలిపర్లు, వెనక డ్రమ్ములలో వీల్ సిలిండర్లు ఉంటాయి. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. పెడల్ మీద మీరు 20 కిలోల బలం వేశారు. పెడల్ ఒక మీట కాబట్టి ఆ బలం 4 రెట్లయి 80 కిలోలైంది. మాస్టర్ సిలిండర్ పిస్టన్ వైశాల్యం 3 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 27 కిలోలు. కారు టైరులో గాలి పీడనం 2 కిలోల చిల్లరే. దానికి పది రెట్లకు పైగా పీడనం ఆ సన్నని గొట్టాలలో తిరుగుతోందన్నమాట. క్యాలిపర్ పిస్టన్ వ్యాసం 5 సెంటీమీటర్లయితే దాని మీద 500 కిలోల పైచిలుకు బలం పడుతుంది. మీ కాలి బలం అక్కడికి చేరేది ఆ ద్రవం ద్వారానే.

నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?

వానాకాలంలో హాస్టల్ స్టోర్ రూములో బెల్లం చూశారు కదా. ఎవరూ నీళ్ళు పోయకుండానే చెమ్మగిల్లి కారిపోతుంది. గాలిలోని తేమను లాక్కోవడం దాని గుణం. బ్రేకాయిల్ గుణం కూడా అదే. డబ్బా మూత దగ్గర ఉన్న సందులోంచి, రబ్బరు హోసుల గోడల్లోంచి కూడా తేమ కొద్దికొద్దిగా లోపలికి చేరుతూనే ఉంటుంది. బండి నడిచినా చేరుతుంది, నడవకపోయినా చేరుతుంది. ఇది చాలామందికి తట్టని విషయం. “మా కారు నెలకు రెండుసార్లే తీస్తాం, దానికేమవుతుంది” అంటారు. ఇంజనాయిల్‌ను కిలోమీటర్లతో లెక్కపెట్టవచ్చు. బ్రేకాయిల్‌ను మాత్రం క్యాలెండరుతోనే లెక్కపెట్టాలి. షెడ్డులో ముసుగు వేసి ఉంచిన బండి బ్రేకాయిల్ కూడా ముసలిదవుతుంది. కాకినాడ, బందరు వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో మరింత త్వరగా.

నీరు చేరితే రెండు నష్టాలు. మొదటిది తుప్పు. సిలిండర్ల లోపలి గోడల మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. ఆ గుంటల మీద రాసుకుని రబ్బరు సీళ్ళు చిరుగుతాయి. క్యాలిపర్ పిస్టన్ పట్టేస్తుంది. అప్పుడు కారు బ్రేకు వేసినప్పుడల్లా ఒక పక్కకు లాగుతుంది. కొన్ని వందల రూపాయల ఆయిల్ మార్చనందుకు వేల రూపాయల సామాను మార్చాల్సి వస్తుంది. ఇది డబ్బు నష్టం, దీన్ని భరించవచ్చు.

రెండోది మరిగే స్థానం పడిపోవడం. ఇది ప్రాణాల మీదికి తెస్తుంది.

డబ్బాల మీద డాట్ 3, డాట్ 4 అని ఉంటుంది. డాట్ అంటే అమెరికా రవాణా శాఖ పేరులోని పొడి అక్షరాలు. ఆ శాఖ పెట్టిన ప్రమాణాన్నే ప్రపంచమంతా వాడుతోంది. దాని ప్రకారం కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగకూడదు. అదే ద్రవంలో సుమారు 3.7 శాతం నీరు చేరిందంటే 140 డిగ్రీల దాకా ఆగితే చాలు, ప్రమాణం ఒప్పుకుంటుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. వంద చెంచాల ద్రవంలో నాలుగు చెంచాల నీళ్ళయినా లేవు, కానీ 65 నుంచి 75 డిగ్రీలు పడిపోయింది చూడండి. రెండు మూడేళ్ళు మార్చకుండా వదిలేసిన బండిలో ఈ పరిస్థితి మామూలే. పదేళ్ళు వదిలేసిన బండి గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఘాట్ దిగేటప్పుడు ఏం జరుగుతుంది?

తిరుపతి వెళ్ళని తెలుగువాళ్ళు తక్కువ. కాబట్టి ఆ దారినే లెక్కకు తీసుకుందాం. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డును ఇప్పుడు కొండ దిగడానికి వాడుతున్నారు. కొండ మీదికీ, కింది ఊరికీ ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. నలుగురు కూర్చున్న మారుతి 800 బరువు 900 కిలోలు అనుకోండి. పదో తరగతి తమ్ముళ్ళు సూత్రం రాయండి: ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు, మూడింటినీ గుణించాలి. 900 × 9.8 × 700 అంటే 61,74,000 జౌళ్ళు.

అది ఎంతో అర్థం కావాలంటే నీళ్ళతో పోల్చాలి. 30 డిగ్రీల దగ్గరున్న ఒక లీటరు నీటిని మరిగే దశకు తేవడానికి 2,94,000 జౌళ్ళు కావాలి. భాగించి చూడండి, సరిగ్గా 21 లీటర్లు వస్తుంది. ఒక పెద్ద బిందెడు నీళ్ళను మరిగించే వేడి ఆ కొండ దిగడంలో పుడుతుంది. అందులో కొంత గాలికీ, టైర్ల రాపిడికీ పోతుంది. రెండో గేరులో దిగితే పెద్ద భాగాన్ని ఇంజన్ తీసుకుంటుంది. న్యూట్రల్‌లో దింపితే? దాదాపు భారమంతా నాలుగు బ్రేకుల మీదే, అందులోనూ ఎక్కువ భాగం ముందు రెండు డిస్కుల మీదే పడుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించే అలవాటు మనవాళ్ళలో ఇప్పటికీ ఉంది. ఇంజెక్షన్ బళ్ళలో ఆ మిగులు కూడా లేదు. గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజన్‌కు పెట్రోలు దానంతటదే ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనైతే ఇంజన్ ఆగకుండా ఉండడానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది.

డిస్కు వేడి ప్యాడ్లకు, ప్యాడ్ల నుంచి పిస్టన్‌కు, పిస్టన్ నుంచి దాని వెనకున్న ద్రవానికి పాకుతుంది. ద్రవం పాతదైతే ఆవిరి బుడగలు పుడతాయి. నీరు ఆవిరైతే మామూలు పీడనం దగ్గర 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. సిరంజిలో బుడగ గుర్తుందా? అదే ఇక్కడ. పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతుంది, బండి ఆగదు.

ఇందులో ఒక మోసం ఉంది. పెడల్ నొక్కి ఉంచినంతసేపు లోపల పీడనం ఎక్కువ కాబట్టి ద్రవం అంత తేలికగా మరగదు. కాలు తీసినప్పుడు పీడనం పడిపోతుంది, అప్పుడు మరుగుతుంది. బండి ఆపి ఐదు నిమిషాలు టీ తాగినా అంతే. నడిచేటప్పుడు తగిలే గాలి ఉండదు కాబట్టి డిస్కు వేడంతా లోపలికి దిగుతుంది. అంతదాకా బాగా పడిన బ్రేకు, టీ తాగి ఎక్కాక మొదటి మలుపులో పడదు. ఇంకా ఘోరం ఏమిటంటే, చల్లారాక ఆవిరి మళ్ళీ ద్రవమైపోతుంది. మరునాడు మెకానిక్ దగ్గరికి తీసుకెళితే పెడల్ గట్టిగా ఉంటుంది, ఎక్కడా లీకు ఉండదు. “బ్రేకులు బాగానే ఉన్నాయన్నా, నువ్వే కంగారుపడ్డావు” అని పంపిస్తాడు. నిజానికి తప్పు డ్రైవరుదీ కాదు, మెకానిక్ కళ్ళదీ కాదు. తప్పు చేసిన నీరు సాక్ష్యం మిగల్చలేదు. పదిహేనేళ్ళ బండికి ఆర్‌సి రెన్యూవల్ చేయించేటప్పుడు బ్రేకు పరీక్ష పెడతారు గానీ, అది చల్లగా ఉన్న బ్రేకుకు పెట్టే పరీక్ష. నెగ్గింది కదా అని ఆయిల్ బాగుందనుకోవద్దు.

కొండ మీద పెడల్ దిగిపోతే ఏం చేయాలో కూడా చెప్పుకోవాలి. వెంటవెంటనే నాలుగైదుసార్లు తొక్కితే కొంత పీడనం పుట్టవచ్చు. గేరు ఒక్కొక్కటిగా తగ్గించాలి. హ్యాండ్ బ్రేకు ఈ ద్రవంతో కాక వైరుతో పనిచేస్తుంది కాబట్టి అది పడుతుంది. ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా లాగాలి. తాళం చెవి తిప్పి ఇంజన్ ఆపకండి. ఇంజన్ ఆగితే బూస్టర్ సాయం పోతుంది, చెవి బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది. హారన్ మోగిస్తూ కొండ గోడ వైపు ఉండండి, లోయ వైపు వద్దు.

ఏది కొనాలి?

జవాబు బండి మీదే ఉంది. బానెట్ ఎత్తి బ్రేకాయిల్ డబ్బా మూత చూడండి. డాట్ 3 అనో డాట్ 4 అనో అచ్చు వేసి ఉంటుంది. మూత మార్చేసి ఉంటే ఓనర్స్ మాన్యువల్ చూడండి. డాట్ 3 అని ఉన్నచోట డాట్ 4 పోయవచ్చు. రెండూ ఒకే జాతివి, కలిసిపోతాయి. మరిగే స్థానం ఎక్కువ కాబట్టి ఘాట్లు తిరిగే బండికి నేను డాట్ 4నే సిఫారసు చేస్తాను. డాట్ 4 అని ఉన్నచోట మాత్రం డాట్ 3 పోయకూడదు. డాట్ 4 పోశాం కదా, ఇక ఐదేళ్ళు చూడనక్కరలేదని కూడా అనుకోకండి. అది కూడా తేమ పీల్చేదే.

అసలు ప్రమాదం డాట్ 5 దగ్గర ఉంది. అంకె పెద్దది కాబట్టి సరుకు మంచిదనుకుంటారు. డాట్ 5 సిలికోన్‌తో చేసింది, వేరే జాతి. ఊదారంగులో ఉంటుంది. మిగతావాటితో కలవదు. కలిపిపోస్తే బ్రేకులు పాడవుతాయి. ఏబీఎస్ ఉన్న బండికి పనికిరాదు. డాట్ 5.1 అని మరొకటి ఉంది. పేరు చూస్తే డాట్ 5కు తమ్ముడనిపిస్తుంది గానీ అది డాట్ 3, 4ల కుటుంబమే. పేర్లు పెట్టినవాళ్ళు కాస్త ఆలోచించి ఉంటే బాగుండేది. మన పాత కార్లకు ఈ రెండింటి అవసరం లేదు.

ఇక ఇంజనాయిల్ సంగతి. బ్రేకుల్లోని రబ్బరు సీళ్ళు గ్లైకాల్‌కు తగినట్టు చేసినవి. వాటికి ఖనిజ నూనె తగిలితే ఉబ్బి మెత్తబడిపోతాయి. పిస్టన్లు పట్టేస్తాయి, తరువాత సీళ్ళు విడిపోతాయి. ఒక్కసారి పొరపాటున పోసినా ద్రవం మార్చి ఊరుకుంటే సరిపోదు. మాస్టర్ సిలిండర్ నుంచి హోసుల దాకా రబ్బరు ఉన్న ప్రతి భాగం మార్చాలి. పోసిన గరాటుకు నూనె అంటి ఉన్నా ముప్పే. అందుకే బ్రేకాయిల్‌కు వేరే గరాటు ఉంచండి.

సీలు ఉన్న చిన్న డబ్బానే కొనండి. మామూలు కారుకు మొత్తం మార్చడానికి అర లీటరు నుంచి లీటరు లోపు సరిపోతుంది. మిగిలింది కదా అని సగం డబ్బా వచ్చే ఏటికి దాచకండి. మూత తీసిన రోజు నుంచే అందులో తేమ చేరుతుంది. షెడ్డులో మూత లేకుండా అలమారలో ఉన్న డబ్బాలోంచి పోస్తానంటే వద్దని చెప్పండి. కూల్ డ్రింక్ సీసాలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోసి పెట్టకండి. అది విషం. పిల్లలు తాగేస్తారు.

మార్చే విధానం

రెండేళ్ళకు ఒకసారి మార్చాలి. తడి ప్రాంతమైనా, ఘాట్ తిరుగుడు ఎక్కువైనా అంతకన్నా ముందే మార్చడం మంచిది. రంగు చూసి నిర్ణయించకండి. నల్లబడితే ఎలాగూ మార్చాల్సిందే, కానీ తేటగా ఉన్న దాంట్లో కూడా నీరుండవచ్చు. నీటిని చూపించే పెన్ను లాంటి టెస్టర్లు దొరుకుతున్నాయి. అవి ఉజ్జాయింపుగా చెబుతాయి.

పనికి ఇద్దరు కావాలి. ముందు డబ్బాలోని పాత ద్రవాన్ని సిరంజితో లాగేసి, కొత్తది నింపాలి. తరువాత మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మన కుడి స్టీరింగ్ బళ్ళలో సాధారణంగా అది వెనక ఎడమ చక్రం. ఆ తరువాత వెనక కుడి, ముందు ఎడమ, చివరకు ముందు కుడి. కొన్ని బళ్ళకు వరుస వేరుగా ఉంటుంది, మాన్యువల్ చెప్పినట్టు చేయండి. బ్లీడర్ నిప్పిల్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొసను కొంచెం ద్రవం ఉన్న సీసాలో ముంచాలి. లోపలి మనిషి పెడల్ తొక్కి పట్టుకోవాలి. బయటి మనిషి రింగు పానాతో నిప్పిల్ అర చుట్టు వదులు చేసి, ద్రవం వచ్చాక బిగించి, “వదులు” అనాలి. బిగించకముందే కాలు తీస్తే గాలి లోపలికి వెళుతుంది. అంతదాకా చేసిన పని వృథా. గొట్టంలో బుడగలు లేకుండా కొత్త రంగు ద్రవం వచ్చేదాకా ఇలా చేసి, పక్క చక్రానికి వెళ్ళాలి. మధ్యమధ్యలో పై డబ్బా ఖాళీ కాకుండా చూసుకోవాలి.

పాత బళ్ళకు ప్రత్యేకించి ఒక జాగ్రత్త ఉంది. పెడల్ కింద చిన్న చెక్క దిమ్మ పెట్టండి. మామూలుగా నడిపేటప్పుడు పెడల్ కొద్ది దూరమే కదులుతుంది. మాస్టర్ సిలిండర్‌లో ఆ దూరం వరకే నున్నగా ఉంటుంది, ఆ తరువాతి భాగంలో ఏళ్ళ తరబడి తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేల దాకా తొక్కితే సీలు ఆ గరుకు మీదికి వెళ్ళి చిరుగుతుంది. “ఆయిల్ మార్చాక బ్రేకులు పాడయ్యాయి” అని చాలామంది అనడానికి కారణం ఇదే. నిప్పిళ్ళు కూడా తుప్పు పట్టి విరిగిపోతాయి. ముందురోజే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి నానబెట్టండి, బలప్రయోగం చేయకండి. ఏబీఎస్ ఉన్న బండయితే వర్క్‌షాపులో చేయించడమే మేలు.

ద్రవం బాడీ పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది. తుడిస్తే ఇంకా పాకుతుంది. వెంటనే నీళ్ళు పోసి కడగండి, నీళ్ళలో కలిసి పోతుంది.

పెడల్ చెప్పే మాటలు

పెడల్ మెత్తగా స్పాంజిలా ఉండి, రెండుమూడుసార్లు తొక్కితే గట్టిపడితే గొట్టాలలో గాలి ఉన్నట్టు. సిగ్నల్ దగ్గర కాలు పెట్టి ఉంచితే మెల్లమెల్లగా దిగిపోతూ, బయట ఎక్కడా తడి కనిపించకపోతే మాస్టర్ సిలిండర్ సీళ్ళు అరిగినట్టు. కొండ దిగేటప్పుడు పెడల్ గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కాయి, ద్రవం కాదు. అదే చోట పెడల్ మెత్తబడితే ద్రవం మరిగినట్టు. ఏది జరిగినా బండి పక్కన ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. మెత్తబడిన బండిని మళ్ళీ గట్టిపడింది కదా అని ఆయిల్ మార్చకుండా దూర ప్రయాణానికి తీయకండి.

డబ్బాలో మట్టం తగ్గితే వెంటనే నింపి ఊరుకునేవాళ్ళున్నారు. ద్రవం ఆవిరై పోదు. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకు జరుగుతాయి, ఆ ఖాళీలోకి ద్రవం వెళుతుంది, మట్టం మెల్లగా తగ్గుతుంది. ఇది సహజం. అలా కాకుండా వారం పది రోజుల్లో తగ్గిపోతే ఎక్కడో కారుతోంది. వెనక చక్రాల లోపలి పక్క, నిప్పిళ్ళ దగ్గర, మాస్టర్ సిలిండర్ బూస్టర్‌కు బిగించినచోట వేలు పెట్టి చూడండి. కారణం తెలియకుండా నింపడం జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర వేసుకోవడం లాంటిది.

మార్చిన తేదీ, పోసిన డాట్ నంబరు ఒక స్టిక్కరు మీద రాసి బానెట్ లోపల అంటించండి. బండి అమ్మేసినా కొన్నవాడికి పనికొస్తుంది. తీసిన పాత ద్రవాన్ని కాలువలో పారబోయకండి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, ఏముందో పైన రాసి, వాడేసిన ఆయిల్ తీసుకునే వర్క్‌షాపులో ఇవ్వండి.